కడ్డీల లెక్క, ముఖాల లెక్క

పన్నెండు ఇనుప కడ్డీలు తీసుకొని, కొసల్లో ఎటైనా తిరిగే కీళ్లు బిగించి ఒక ఘనం కడితే అది నిలవదు. కాస్త చెయ్యి తగిలినా పక్కకి ఒరుగుతుంది, చతురస్రాలు నలిగి వాలిపోతాయి. అవే పన్నెండు కడ్డీలతో అష్టముఖిని కడితే మాత్రం ఎటునుంచి నొక్కినా చలించదు. కడ్డీల సంఖ్య మారలేదు. మారింది కీళ్ల సంఖ్య: ఘనానికి ఎనిమిది, అష్టముఖికి ఆరు.

ఒక బిందువు మూడు దిశల్లో కదలగలదు. ఎనిమిది బిందువులకు కలిపి ఇరవై నాలుగు స్వేచ్ఛలు. ఒక్కో కడ్డీ ఒక్కో స్వేచ్ఛను తీసేసుకుంటుంది. కట్టడం మొత్తాన్ని జరపడానికి మూడు, తిప్పడానికి మూడు, ఈ ఆరూ ఎన్ని కడ్డీలు పెట్టినా పోవు. అంటే ఘనం బిగుసుకోవాలంటే 24 లోంచి 6 పోగా 18 కడ్డీలు కావాలి, ఉన్నవి 12. ప్రతి ముఖం మీదా ఒక కర్ణం వేస్తే ఇంకో ఆరు చేరి సరిగ్గా 18 అవుతాయి, ఘనం కదలడం మానేస్తుంది. అష్టముఖికి 18 లోంచి 6 పోతే 12. ఆ పన్నెండూ మొదటినుంచీ ఉన్నాయి.

శీర్షాల సంఖ్యకు మూడు రెట్లు వేసి అందులోంచి ఆరు తీసెయ్యడం: ఇంతే లెక్క. దీన్ని వంతెనలు, కప్పులు కట్టే ఇంజనీర్లు తమ అవసరానికి కనిపెట్టుకున్నారు. బహుముఖులకు శీర్షాలెన్ని, అంచులెన్ని, ముఖాలెన్ని అని లెక్కపెట్టే గణితజ్ఞులు తమ దారిలో అదే సంఖ్య దగ్గరికి వచ్చారు. వందేళ్లకు పైగా ఈ రెండు వర్గాలూ ఒకే సంఖ్యను వేర్వేరు పుస్తకాల్లో రాసుకున్నాయి. ఇవి రెండు లెక్కలు కావు, ఒకటే అని 1980ల్లో గానీ స్పష్టంగా తేలలేదు. గణిత చరిత్రలో ఇంత ఆలస్యంగా, ఇంత నిండుగా కుదిరిన కలయికలు ఎక్కువ లేవు.

కథ యూక్లిడ్ దగ్గర మొదలవుతుంది. ‘ఎలిమెంట్స్’ పదకొండో పుస్తకంలోని పదో నిర్వచనం ప్రకారం, రెండు ఘనరూపాలను చుట్టిన తలాలు సంఖ్యలోనూ ఆకారంలోనూ పరిమాణంలోనూ ఒకటైతే ఆ రూపాలు సమానం. చదవగానే ఒప్పుకోవాలనిపించే మాట. గ్లాస్గోలో గణితం బోధించిన రాబర్ట్ సిమ్సన్ 1756లో తన యూక్లిడ్ ప్రచురణలో దీన్ని పట్టుకున్నాడు. ఇది నిర్వచనంగా చెప్పి వదిలెయ్యాల్సింది కాదు, నిరూపించాల్సిన సిద్ధాంతం అన్నాడు. పైగా ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే తప్పు కూడా. ఒక పెట్టె పైముఖం మీద చిన్న పిరమిడ్‌ను బయటికి నిలబెట్టవచ్చు, అదే పిరమిడ్‌ను లోపలికి గుంటలా దించవచ్చు. రెండిటికీ ముఖాలు అవే, ఆకారాలు వేరు. ఆయిలర్ 1766లో ఇంకో అడుగు వేసి, మూసి ఉన్న ఏ రూపమైనా చింపనంతవరకూ మారడానికి వీల్లేదని అభిప్రాయపడ్డాడు. ఆ మాట నిజమో కాదో తేలడానికి రెండు వందల ఏళ్లు పట్టింది.

గుంటలు లేని రూపాలకైనా, అంటే కుంభాకార బహుముఖులకైనా, యూక్లిడ్ మాట నిజమేనా? 1794లో వచ్చిన తన జ్యామితి పుస్తకంలో లెజాండ్ర్ ఈ ప్రశ్నతో కొంత దూరం నడిచి ఆగిపోయాడు. దాన్ని పూర్తిచేసినవాడు ఓగస్టిన్ లూయీ కోషీ. ఇరవై ఏళ్ల వయసులో, 1810లో, అతను చెర్బూర్గ్ రేవుకి ఇంజనీరుగా వెళ్లాడు. నెపోలియన్ నౌకాదళం కోసం అక్కడ పెద్ద రేవు కడుతున్నారు. పగలంతా రేవు పని, మిగిలిన గంటల్లో గణితం. 1811లో ఒక పత్రం, 1812లో ఇంకొకటి పారిస్‌కి పంపాడు. 1813లో అవి అచ్చయ్యాయి. ముఖాలు మారకుండా ఉంటే కుంభాకార బహుముఖి ఆకారం మారదు అన్నది ఆ రెండో పత్రంలోని ఫలితం. లెజాండ్ర్ దాన్ని తన పుస్తకం తర్వాతి ముద్రణల్లో చేర్చుకున్నాడు.

కోషీ చేసిన పని చూస్తే, తర్వాత రెండు వందల ఏళ్లలో జరగబోయేదంతా అందులో మొలకగా ఉందనిపిస్తుంది. ఒకే ముఖాలున్న రెండు కుంభాకార బహుముఖులు వేరుగా ఉన్నాయనుకుందాం. మొదటిదాని నుంచి రెండోదానికి వెళ్లేటప్పుడు ఏ అంచు దగ్గర ముఖాల మధ్య కోణం పెరిగిందో అక్కడ కూడిక గుర్తు, తగ్గినచోట తీసివేత గుర్తు పెట్టాడు. ఒక శీర్షం చుట్టూ తిరిగివస్తే గుర్తులు కనీసం నాలుగుసార్లు మారాలని చూపించాడు. ఇది జ్యామితి. తర్వాత చేసింది శుద్ధమైన లెక్కింపు. ముఖాలన్నీ త్రిభుజాలైతే, ఒక త్రిభుజం చుట్టూ గుర్తు రెండుసార్లకు మించి మారదు. శీర్షాలు, అంచులు, ముఖాల సంఖ్యలను ముడివేసే ఆయిలర్ సూత్రం ప్రకారం త్రిభుజాల సంఖ్య శీర్షాలకు రెట్టింపు కంటే నాలుగు తక్కువ. కాబట్టి మొత్తం మార్పులు శీర్షాలకు నాలుగు రెట్ల కంటే ఎనిమిది తక్కువకు మించవు. శీర్షాల వైపునుంచి లెక్కిస్తేనేమో కనీసం నాలుగు రెట్లు ఉండాలి. రెండూ పొసగవు, అంటే రెండు రూపాలూ వేరుగా ఉండనే లేవు. కట్టడం కదలదనే భౌతిక సత్యాన్ని ముఖాల లెక్కతో నిరూపించిన మొదటి సందర్భం ఇదే కావాలి. కోణాలు విచ్చుకుంటే గొలుసు కొసలు దూరమవుతాయన్న సహాయక వాక్యం నిరూపణలో ఒక లోపం మిగిలిపోయింది. దాన్ని ఎర్నెస్ట్ స్టైనిట్జ్ సరిదిద్దాడు. అతను పోయాక 1934లో హాన్స్ రాడెమాకర్ వెలువరించిన పుస్తకంలో ఆ సవరణ ఉంది. అంతకాలం ఎవరికీ కనిపించని లోపం పెట్టుకొని కూడా కోషీ ఫలితం చెక్కుచెదరలేదు.

ఇంజనీర్ల దారి వేరు. రైలు పట్టాలు ఐరోపా అంతా పరుచుకుంటున్న రోజుల్లో, ఏ వంతెనకి ఎన్ని ఇనుప దూలాలు కావాలన్నది డబ్బుతోనూ ప్రాణాలతోనూ ముడిపడిన ప్రశ్న. లండన్ కింగ్స్ కాలేజీలో ఆచార్యుడిగా ఉన్న జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్ 1864లో దీనికి సూటిగా జవాబు రాశాడు. బిందువుల సంఖ్యకు మూడు రెట్లలోంచి ఆరు తీసేస్తే వచ్చేదే మామూలుగా కావలసిన కడ్డీల సంఖ్య. సమతలంలో అయితే రెండు రెట్లలోంచి మూడు తీసెయ్యాలి. కొన్ని ప్రత్యేక అమరికల్లో అంతకంటే తక్కువ కడ్డీలతోనూ బిగుసుకోవచ్చని కూడా అతను గమనించాడు. విద్యుదయస్కాంత సమీకరణాలు రాసిన మనిషి వంతెనల దూలాలను కూడా ఇంత శ్రద్ధగా లెక్కపెట్టాడని చాలామందికి తెలియదు. అదే ఏడాది అతను రాసిన మరో పత్రం, చట్రంలోని బలాలను ఇంకో బొమ్మగా గీసే పద్ధతి చెప్పింది. సమతలంలో ఒత్తిడి ఉన్న చట్రానికీ త్రిమితీయ బహుముఖి నీడకీ ఉన్న సంబంధం అందులోదే.

సంఖ్య సరిపోతే చాలదు. ఒక మూల కడ్డీలు కిక్కిరిసి, మరో మూల వదులుగా ఉండొచ్చు. సమతలం వరకూ దీనికి పూర్తి జవాబు చెప్పింది హిల్డా పొలాచెక్-గైరింగర్. వియన్నాలో 1893లో పుట్టి, బెర్లిన్‌లో రిచర్డ్ ఫాన్ మీసెస్ నడిపిన అనువర్తిత గణిత సంస్థలో పనిచేసేది. 1927లో ఆమె చూపించింది ఇది: కడ్డీలు మొత్తం మీద బిందువుల రెండు రెట్ల కంటే మూడు తక్కువ ఉండాలి, ఏ చిన్న గుంపును విడదీసి చూసినా ఆ గుంపుకి చెందిన లెక్కను మించకూడదు, ఈ రెండు షరతులూ తీరితే, బిందువులు ఏదో ప్రత్యేకమైన అమరికలో పడితే తప్ప చట్రం బిగుసుకుంటుంది. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే, యూదు మూలాలున్నందుకు ఆమె ఉద్యోగం పోయింది. బ్రస్సెల్స్, ఇస్తాంబుల్ మీదుగా 1939లో అమెరికా చేరింది. ఆ ఫలితాన్ని మాత్రం లోకం మరిచిపోయింది. 1970లో డచ్ గణితజ్ఞుడు జెరార్డ్ లామన్ దాన్ని మళ్లీ కనిపెట్టాడు, దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాలు అతని పేరే చెప్పాయి. ఆమె 1973లో చనిపోయింది. ఇప్పుడిప్పుడే రెండు పేర్లూ కలిపి రాస్తున్నారు. ఆమె పేరు ముందు రాయడం న్యాయం.

మూడు మితుల్లో ఇలాంటి జవాబు ఇంకా లేదు. ఎందుకు లేదో చూపడానికి ఒక చిన్న కట్టడం చాలు. రెండు చతుర్ముఖులను ఒక త్రిభుజం మీద అతికిస్తే అయిదు శీర్షాలు, తొమ్మిది కడ్డీలు. అది గట్టిగానే ఉంటుంది. అలాంటివి రెండు తీసుకొని మొనలతో మొనలు కలిపితే ఎనిమిది శీర్షాలు, పద్దెనిమిది కడ్డీలు. మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు, ఆరు పోతే పద్దెనిమిది. లెక్క అణువంత తేడా లేకుండా కుదిరింది. ఏ చిన్న గుంపు చూసినా కడ్డీలు మించవు. అయినా రెండు భాగాలూ మొనలను కలిపే గీత చుట్టూ తలుపులా తిరుగుతాయి. దీని పేరు ‘జంట అరటిపండ్లు’. గైరింగర్ సిద్ధాంతం మూడో మితిలోకి అడుగుపెట్టకుండా ఆపిన గడప ఇదే.

ఇక ముఖాలు లెక్కపెట్టినవాళ్లు. వీళ్ల సరంజామాయే సింప్లీషియల్ కాంప్లెక్స్. బిందువులు, గీతలు, త్రిభుజాలు, చతుర్ముఖులు, ఆపై మితుల్లో వాటి సోదరరూపాలు: వీటిని ఒక నియమంతో అతికించడమే అది. ఏ రెండు ముక్కలైనా తాకకుండా ఉండాలి, లేదా ఒక మొత్తం ముఖం మీద కలవాలి. సగం సగం అతుకులు కుదరవు. ముఖాలన్నీ త్రిభుజాలైన బహుముఖి ఉపరితలం అందరికీ తెలిసిన ఉదాహరణ. అక్కడ ఆయిలర్ సూత్రం అంచుల సంఖ్యను కట్టిపడేస్తుంది: శీర్షాలకు మూడు రెట్లలోంచి ఆరు తక్కువ. ఇంద్రజాలమేమీ కాదు, రెండు వరసల బీజగణితం. కానీ మాక్స్‌వెల్ సంఖ్య ఇక్కడ ముఖాల లెక్కలోంచి పుట్టుకొచ్చింది. ఇరవై ముఖాల ఐకోసహెడ్రన్‌కి పన్నెండు శీర్షాలు, ముప్పై అంచులు. 36 లోంచి 6 పోతే 30.

నాలుగు మితుల్లోకి వెళితే ఈ కట్టు సడలిపోతుంది. అక్కడ మనం చూసే కుంభాకార రూపాల ముఖాలన్నీ చతుర్ముఖులే. శీర్షాలు ఆరే అయినా అంచులు 14 ఉండొచ్చు, 15 ఉండొచ్చు. ఇంకా శీర్షాలు పెరిగితే తేడా ఇంకా పెరుగుతుంది. మరి కనీసం ఎన్ని అంచులు ఉండి తీరాలి? ఒక ముక్కతో మొదలుపెట్టి ముఖం మీద ముఖంగా ముక్కలు పేర్చుకుంటూ పోతే ఒక్కో కొత్త శీర్షానికి నాలుగేసి అంచులు చేరతాయి: అయిదు శీర్షాలకు 10, ఆరుకి 14, ఏడుకి 18, ఎనిమిదికి 22. అంటే శీర్షాలకు నాలుగు రెట్లలోంచి పది తక్కువ. ఇంతకంటే తక్కువ అసాధ్యమన్నదే ‘లోయర్ బౌండ్’ ఊహ. కాగితపు బహుముఖుల నమూనాలకు పేరుపడ్డ జర్మన్ గణితజ్ఞుడు మాక్స్ బ్రుక్నర్ 1909లో దీన్ని నిరూపించానన్నాడు. ఆ నిరూపణ తప్పుడు ఆధారం మీద నిలిచిందని తర్వాత తేలింది. 1970లో డేవిడ్ వాకప్ మూడు, నాలుగు మితుల మానిఫోల్డ్‌లకు (ఏ బిందువు దగ్గర చూసినా మామూలు స్థలంలా ఉండే రూపాలకు), 1970ల మొదట్లో డేవిడ్ బార్నెట్ అన్ని మితుల కుంభాకార రూపాలకు దీన్ని సరిగ్గా నిరూపించారు. బార్నెట్ నిరూపణ సూక్ష్మమైన లెక్కింపు. అందులో కడ్డీ లేదు, కీలు లేదు, బలం లేదు.

మూడు మితుల్లో ఆరు తీసేశాం, నాలుగు మితుల్లో పది తీసేస్తున్నాం. నాలుగు మితుల్లో ఒక వస్తువుని జరపడానికి దారులు నాలుగు, తిప్పడానికి ఆరు. మొత్తం పది. ఈ పది ఆ పదే అని అప్పుడు ఎవరికైనా తట్టి ఉండాల్సింది.

అందరికంటే ముందు తట్టి ఉండాల్సినవాడు మాక్స్ డేన్. హిల్బర్ట్ 1900లో ప్రకటించిన సమస్యల్లో మూడోదాన్ని అదే ఏడాది తెంచినవాడు. 1905లో అతను నాలుగైదు మితుల్లో ముఖాల సంఖ్యల మధ్య ఉండే సమీకరణాలు రాశాడు. 1927లో డంకన్ సమర్‌విల్ వాటిని అన్ని మితులకూ విస్తరించాడు. ముఖాల లెక్క చేసేవాళ్లకు అవి రోజువారీ పనిముట్లు. 1916లో అదే డేన్ కోషీ సిద్ధాంతానికి కొత్త నిరూపణ రాశాడు. త్రిభుజ ముఖాలున్న కుంభాకార బహుముఖి కడ్డీల నుంచి ఒక నిర్ధారకం తయారుచేసి, అది సున్నా కాదని చూపించాడు. అంటే ఆ చట్రం అతి సూక్ష్మమైన కదలికను కూడా ఒప్పుకోదు. నదికి రెండు గట్ల మీదా ఇల్లు కట్టుకున్న మనిషి ఆయన, వంతెన మాత్రం కట్టలేదు. ఆ తర్వాతి జీవితం అతనికి అలాంటి తీరిక ఇవ్వలేదు. నాజీల నుంచి పారిపోయి నార్వే, సైబీరియా, జపాన్ మీదుగా అమెరికా చేరాడు; చివరి ఏళ్లు నార్త్ కరోలినాలోని బ్లాక్ మౌంటెన్ అనే చిన్న కళాశాలలో పాఠాలు చెబుతూ 1952లో పోయాడు.

1970ల్లో దృఢత్వం మళ్లీ చర్చలోకి వచ్చింది. హెర్మన్ గ్లక్ 1975లో డేన్ నిర్ధారకాన్ని కొత్త పనికి పెట్టాడు. త్రిభుజాలతో కట్టిన ఏ గోళానికైనా కుంభాకార రూపం ఒకటుందని స్టైనిట్జ్ ముందే చూపించాడు. ఆ ఒక్క రూపంలో నిర్ధారకం సున్నా కానప్పుడు, మిగిలిన దాదాపు అన్ని రూపాల్లోనూ సున్నా కాదు. కాబట్టి శీర్షాలను గుంటలు పడేలా ఎలా విసిరినా, త్రిభుజాల గోళం దాదాపు ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. ఆయిలర్ మాట పూర్తిగా నిజం కాబోతోందనిపించింది. రెండేళ్లకే, 1977లో, రాబర్ట్ కానెలీ ఆ ‘దాదాపు’కి అవతల ఏముందో చూపించాడు: ఎక్కడా తనను తాను కోసుకోకుండా, ముఖాలు వంగకుండా, అంచుల దగ్గర మడతపడుతూ కదిలే మూసిన బహుముఖి. ఎనభై ఏళ్ల కిందట, 1897లో, రవూల్ బ్రికార్ కనిపెట్టిన తమను తాము కోసుకునే అష్టముఖులే దానికి ఆధారం. క్లాస్ స్టెఫెన్ దాన్ని తొమ్మిది శీర్షాలకు, 21 అంచులకు, 14 త్రిభుజాలకు కుదించాడు. అట్టముక్కతో ఎవరైనా చేసుకోవచ్చు. మూడు తొమ్మిదులు ఇరవై ఏడు, ఆరు పోతే ఇరవై ఒకటి. లెక్క సరిగ్గా ఉన్నా, శీర్షాలు పడిన ప్రత్యేకమైన చోటు వల్ల అది కదులుతుంది. అయితే కదిలినంతసేపూ లోపలి ఘనపరిమాణం మారదని ఇజాద్ సబితోవ్ 1990ల్లో నిరూపించాడు. కొలిమి తిత్తిలా గాలి ఊదే బహుముఖి సాధ్యం కాదన్నమాట.

అదే సమయంలో మాంట్రియల్‌లో ఒక అపురూపమైన బృందం కూడింది: హంగరీ నుంచి వచ్చిన నిర్మాణ ఇంజనీరు యానోష్ బరాచ్, కాంబినేటరిక్స్‌లో పెద్ద పేరున్న హెన్రీ క్రాపో, వాల్టర్ వైట్లీ. ఫ్రెంచి, ఇంగ్లిషు రెండు భాషల్లో 1979 నుంచి ‘స్ట్రక్చరల్ టోపాలజీ’ అనే పత్రిక నడిపారు. ఆర్కిటెక్టులు, ఇంజనీర్లు, గణితజ్ఞులు ఒకే పేజీలో మాట్లాడుకున్న అరుదైన చోటు అది. 1983లో అందులో వైట్లీ ఒక చిన్న మాట రాశాడు. ఒక చట్రం మూడు మితుల్లో బిగుసుకుంటే, దానికి ఒక కొత్త శీర్షం చేర్చి, దాన్నుంచి పాత శీర్షాలన్నిటికీ గొడుగు పుల్లల్లా కడ్డీలు దించితే, కొత్త చట్రం నాలుగు మితుల్లో బిగుసుకుంటుంది. వెనక్కి చూసినా నిజమే. ఒకే అంతస్తు ఇళ్ల కట్టుబడి గురించి రాసిన పత్రంలోది ఈ ఫలితం. వంతెనకి కావలసిన రాయి అక్కడ దొరికింది.

ఆ వంతెన కట్టినవాడు జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన గిల్ కలాయ్. 1987లో వచ్చిన అతని పత్రం శీర్షికలోనే దృఢత్వం, లోయర్ బౌండ్ సిద్ధాంతం పక్కపక్కన నిలిచాయి. వాదన ఎంత పొందికగా ఉంటుందో చూడాలి. నాలుగు మితుల రూపం ఉపరితలం చతుర్ముఖుల అతుకు. అందులో ఒక శీర్షాన్ని తీసుకుంటే, దాన్ని తాకే చతుర్ముఖుల్లో దానికి ఎదురుగా ఉన్న త్రిభుజాలన్నీ కలిసి దాని చుట్టూ ఒక గోళమవుతాయి. గ్లక్ చెప్పినట్టు ఆ గోళం మూడు మితుల్లో దృఢం. మధ్యలో ఉన్న శీర్షం వైట్లీ గొడుగు మొన. కాబట్టి శీర్షం, దాని ఇరుగుపొరుగు కలిపి నాలుగు మితుల్లో దృఢం. పక్కపక్కన ఉన్న రెండు శీర్షాల ఇరుగుపొరుగులు కనీసం ఒక చతుర్ముఖిని, అంటే నాలుగు శీర్షాలను, పంచుకుంటాయి. నాలుగు మితుల్లో రెండు గట్టి ముక్కలను ఒకదానికొకటి బిగించడానికి నాలుగు బిందువులు సరిపోతాయి. ఇలా ఒక శీర్షం నుంచి పక్క శీర్షానికి నడుస్తూ పోతే మొత్తం చట్రం దృఢమని తేలుతుంది. దృఢమైన చట్రానికి కడ్డీలు కనీసం ఎన్నుండాలో మాక్స్‌వెల్ లెక్క చెబుతుంది: నాలుగు రెట్లలోంచి పది తక్కువ. బార్నెట్ సిద్ధాంతం వచ్చేసింది.

ఈ వాదనలో కుంభాకారం ఊసే రాలేదు. అందువల్ల అది మానిఫోల్డ్‌లకు, ఇంకా విశాలమైన కాంప్లెక్స్‌లకు యథాతథంగా పాకింది. అయిదు మితులకు, ఆరు మితులకు గొడుగు మీద గొడుగు వేసుకుంటూ పోవడమే. కనిష్ఠ సంఖ్య ఎప్పుడు సరిగ్గా కుదురుతుందన్న ప్రశ్నకూ కలాయ్ జవాబిచ్చాడు: నాలుగు, అంతకుమించిన మితుల్లో ముక్క మీద ముక్క పేర్చిన గోళాలకు మాత్రమే. మిఖాయిల్ గ్రోమోవ్ కూడా 1986లో వచ్చిన తన పుస్తకంలో ఇలాంటి దారినే తొక్కాడు. రెండు వేర్వేరు బుర్రలు ఒకే కాలంలో ఇక్కడికి రావడం చూస్తే సమయం పండిందని అర్థమవుతుంది.

ఇంతకంటే లోతైనది ఇంకొకటి ఉంది. కనిష్ఠం కంటే ఎన్ని అంచులు ఎక్కువున్నాయో ఆ సంఖ్యను ముఖాల లెక్క చేసేవాళ్లు ‘జీ-రెండు’ అంటారు. నాలుగు మితుల్లో అష్టముఖికి సోదరరూపమైనదానికి ఎనిమిది శీర్షాలు, 24 అంచులు. కనిష్ఠం 22, కనుక జీ-రెండు విలువ 2. ఇంజనీరు అదే 2ని వేరేలా చూస్తాడు. బయటి బరువేమీ లేకుండానే కడ్డీల్లో లాగుడు, నెట్టుడు నిలిచి ఉండి, ప్రతి కీలు దగ్గరా అవి రద్దయ్యే అమరికను స్వయం ప్రతిబలం అంటారు. దృఢమైన చట్రంలో ఎన్ని కడ్డీలు అదనమో, అన్ని స్వతంత్ర ప్రతిబలాలుంటాయి. జీ-రెండు ఎందుకు రుణసంఖ్య కాదంటే, అది ప్రతిబలాల సంఖ్య కాబట్టి. కష్టపడి నిరూపించిన ఒక అసమానతకు ఇంత సహజమైన కారణం దొరకడం చదివినప్పుడల్లా సంతోషం కలిగిస్తుంది.

పీటర్ మక్‌మల్లెన్ 1971లో ఒక పెద్ద ఊహ చేశాడు. అంచులకే కాక త్రిభుజాలకు, చతుర్ముఖులకు, పై మితుల ముఖాలకు కూడా ఇలాంటి అదనపు సంఖ్యలున్నాయి, వాటిని ఫలానా షరతులు శాసిస్తాయి అన్నది దాని సారం. కుంభాకార రూపాలకు 1980లో లూయిస్ బిల్లెరా, కార్ల్ లీ ఒక సగాన్ని, రిచర్డ్ స్టాన్లీ రెండో సగాన్ని నిరూపించారు. స్టాన్లీ బీజీయ జ్యామితిలోంచి భారీ యంత్రాన్ని తెచ్చుకోవాల్సి వచ్చింది. దృఢత్వం వైపువాళ్లు అడిగిన ప్రశ్న వేరు: కడ్డీల్లో బలాలున్నట్టే త్రిభుజాల్లోనూ చతుర్ముఖుల్లోనూ బలాలుంటే? 1990ల మధ్యలో కార్ల్ లీ ఒకవైపు, సింగపూర్‌లో టియోంగ్ సెంగ్ టే, ఫ్లోరిడాలో నీల్ వైట్, వైట్లీ కలిసి మరోవైపు, ఆ పై మితుల ప్రతిబలాలను నిర్మించి స్టాన్లీ బీజగణితంతో సరిపోల్చారు. కుంభాకారం కాని గోళాలకు మక్‌మల్లెన్ ఊహ అలాగే మిగిలింది. 2018 చివర్లో కరీం ఆదిప్రసితో, తర్వాత 2020లో వేరే దారిలో స్టావ్రోస్ పపడాకిస్, వసిలికి పెట్రోటు నిరూపణలు వెలువరించారు.

గోళాలు కాని ఉపరితలాల కథ కూడా కొంత చెప్పుకోవాలి. అకోష్ చాసార్ 1949లో ఏడు శీర్షాలతో రంధ్రమున్న టోరస్‌ను కట్టాడు: 14 త్రిభుజాలు, 21 అంచులు, ప్రతి రెండు శీర్షాల మధ్యా ఒక అంచు. దృఢత్వానికి 15 చాలు, ఆరు అదనం. ఆలెన్ ఫోగెల్‌సాంగర్ 1988లో కార్నెల్‌లో సమర్పించిన పరిశోధన గ్రంథం, త్రిభుజాలతో మూసిన ఏ ఉపరితలమైనా, గోళమైనా కాకపోయినా, సాధారణంగా దృఢమేనని నిరూపించింది. ఆ గ్రంథంలోని పద్ధతిని ఇప్పటి పరిశోధకులు మళ్లీ మళ్లీ తిరగేస్తున్నారు. మూడు మితుల మానిఫోల్డ్‌లో రంధ్రాలు పెరిగేకొద్దీ ఒక్కోదానికి కనీసం పదేసి అదనపు అంచులు చేరాలన్న కలాయ్ ఊహను ఇసబెల్లా నోవిక్, ఎడ్ స్వార్ట్జ్ 2009లో నిజం చేశారు.

మన దేశంలో ఈ పని బెంగళూరులో సాగింది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో భాస్కర్ బాగ్చీ, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో బాసుదేవ్ దత్తా 2008లో సూడోమానిఫోల్డ్ అనే విశాలమైన తరగతికి లోయర్ బౌండ్ సిద్ధాంతాన్ని మొదటినుంచి చివరిదాకా కాంబినేటరిక్స్ పద్ధతిలోనే రాసిపెట్టారు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే విద్యార్థి ముందుగా చదవదగిన పత్రం అది. జీ-రెండు విలువ సున్నా అయిన గోళాలు కలాయ్ పేర్చిన ముక్కలు; విలువ 1 అయినవాటిని ఎరాన్ నెవో, ఎయాల్ నోవిన్‌స్కీ 2011లో వర్గీకరించారు. 2, 3 విలువల వైపు పని అక్కణ్నుంచి నడిచింది. ఢిల్లీ ఐఐటీలో బిప్లబ్ బసాక్ బృందం అందులో పాలుపంచుకుంటోంది.

జంట అరటిపండ్లు అడ్డుపడిన ఆ గడప దగ్గర కూడా కదలిక వచ్చింది. ఓడల, కార్ల ఒంపులు గీయడానికి వాడే స్ప్లైన్ ప్రమేయాల గణితంలోంచి ఒక మాత్రిక వస్తుంది. దాని లెక్క త్రిమితీయ దృఢత్వం లెక్కతో ఒకటేనని వైట్లీ 1996లో ఊహించాడు. కేటీ క్లించ్, బిల్ జాక్సన్, షినిచి తనిగావా 2022లో అచ్చయిన పత్రాల్లో ఆ స్ప్లైన్ లెక్కకు గైరింగర్ కోరుకున్నలాంటి పూర్తి లక్షణం ఇచ్చారు. త్రిమితీయ దృఢత్వానికి పెట్టదగిన కనీస నియమాలను పాటించే లెక్కలన్నిటిలోకీ అదే పెద్దదని కూడా చూపించారు. ఆ పెద్ద లెక్కా, నిజమైన ఇనుప కడ్డీల లెక్కా ఒకటేనా అన్నదే ఇప్పుడు మిగిలిన ప్రశ్న.